మోకాలికి దెబ్బ తగిలితే సీటు ఎవరిది?

(పుదుచ్చేరిలో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో యానాం పిల్లలున్నారు. కాకినాడ, గుంటూరు, వరంగల్ వైపు నుంచి వచ్చి కాలాపేట్ క్యాంపస్‌లో చదువుతున్నవాళ్లున్నారు. పాఠాలు చెప్పే అధ్యాపకులూ ఉన్నారు. మీలో కొందరు పరుగెత్తుతారు, కొందరు కబడ్డీ ఆడతారు, కొందరు వాలీబాల్. ఇంటి దగ్గర ఇంటర్ పాసైన తమ్ముడో చెల్లెలో జిల్లా స్థాయి సర్టిఫికెట్ ఒకటి చేతిలో పట్టుకుని, "ఫలానా కాలేజీ వాళ్లు ఫీజులో సగం తగ్గిస్తామంటున్నారు, చేరిపోనా?" అని ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియనివాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఈరోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

ముందుగా నా మాట ఏమిటో చెప్పేస్తాను. కాలేజీలో చేరిన రోజున మీకిచ్చే రాయితీ ఎంత అని చూసి కాలేజీని ఎంచుకోకండి. రెండో సంవత్సరంలో మోకాలికి దెబ్బ తగిలి ఆరు నెలలు గ్రౌండుకు వెళ్లలేకపోతే, ఆ రోజున మీ సీటు, మీ ఫీజు, మీ హాస్టల్ గది మీవిగానే ఉంటాయా అని చూసి ఎంచుకోండి. ఆ రోజున కూడా మీ చేతిలో ఉండేది హక్కు. ఆ రోజుతో పోయేది దయ. హక్కును వదులుకుని దయను తీసుకునే బేరానికి మన పిల్లలు ఎప్పుడూ సంతకం పెట్టకూడదు.

ఆటలు బాగా ఆడే విద్యార్థికి ఇవాళ నాలుగు దారులున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి దారి చాలామంది లెక్కలోకే తీసుకోరు. మామూలుగా మెరిట్‌లోనో రిజర్వేషన్‌లోనో ప్రభుత్వ కాలేజీలో, యూనివర్సిటీలో సీటు తెచ్చుకోవడం, స్కాలర్‌షిప్ మీద చదువుకోవడం, ఆ యూనివర్సిటీ జట్టుకు ఆడటం. ఇక్కడ సెంటాక్ ద్వారా సీటొచ్చి లాస్‌పేటలోని ఠాగూర్ కాలేజీలో చదివినా, యానాంలోని డాక్టర్ ఎస్.ఆర్.కె. ప్రభుత్వ కాలేజీలో చదివినా, ఆ కాలేజీలు పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నవే. అంటే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మీరు వేసుకునేది అదే యూనివర్సిటీ జెర్సీ.

రెండో దారి ప్రభుత్వ సంస్థల్లో క్రీడా కోటా. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో క్రీడలకూ, ఇతర కళలకూ కలిపి 5 శాతం మించకుండా అదనపు సీట్లు ఇస్తారు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి క్రీడాకారుల కోసం ఒక్కో డిగ్రీ కోర్సులో రెండేసి అదనపు సీట్లు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకు. మంచిదే. అయితే ఆ సీటు కావాలంటే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు ఉండాలి, దాంతోపాటు జాతీయ స్థాయిలోనో అంతర్జాతీయ స్థాయిలోనో పతకం ఉండాలి. ఒకే ఇంట్లో ఒకే పిల్లకు రెండేళ్ల జేఈఈ కోచింగూ, ఏడాది పొడవునా ఆటల కోచింగూ కొనిపెట్టగల తల్లిదండ్రులు మన వాడల్లో ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టండి. కోటా పేరు క్రీడలది. దాని గుమ్మం ఎత్తు మాత్రం ఇంటి ఆస్తిని బట్టి ఉంటుంది. అందుకే ఏ క్రీడా కోటా ప్రకటన చూసినా, ఆ కోటా లోపల ఎస్సీ, ఎస్టీలకు విడిగా వాటా ఉందా లేదా అన్నది మొదట అడగండి.

మూడో దారి ప్రైవేటు యూనివర్సిటీలు ఇచ్చే ఫీజు మాఫీ. యూనివర్సిటీల మధ్య పోటీల్లో పతకాలు తెచ్చిన సంస్థకు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఉంది, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ పతకాల పట్టిక ఉంది. ఆ పట్టికలో పై వరుసలో కనిపిస్తే ప్రచారం, ప్రచారం వస్తే అడ్మిషన్లు. కాబట్టి మంచి క్రీడాకారుల కోసం వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. కర్ణాటకలోని మూడబిద్రిలో ఆళ్వాస్ సంస్థ ఏళ్ల తరబడి పేద అథ్లెట్లకు ఉచితంగా చదువు, వసతి, శిక్షణ ఇస్తూ వచ్చింది, దక్షిణాది అథ్లెటిక్స్‌లో దానికి పేరుంది. నేను చెప్పేది ఒక్కటే. అది మంచి సంస్థ అయినా, చెడ్డ సంస్థ అయినా, మీకు ఇచ్చేది వాళ్ల నిర్ణయం మీద ఆధారపడిన వరం.

నాలుగో దారి శిక్షణ కేంద్రాలు, క్రీడా డిగ్రీలు. ఖేలో ఇండియాకు ఎంపికైన అథ్లెట్ మీద ఏడాదికి 6.28 లక్షల రూపాయలు ఖర్చు పెడతామని ప్రభుత్వం చెబుతుంది. అందులో 1.20 లక్షలు, అంటే నెలకు 10 వేలు, చేతి ఖర్చుకు. ఎనిమిదేళ్ల దాకా అంటారు గానీ ఏటా సమీక్ష ఉంటుంది, ప్రదర్శన తగ్గితే జాబితా నుంచి తీసేస్తారు. ఇక క్రీడనే చదువుగా తీసుకునేవాళ్లకు 1957లో మొదలైన గ్వాలియర్ లక్ష్మీబాయి సంస్థ, 2018 చట్టంతో వచ్చిన మణిపూర్ జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం, మనకు దగ్గర్లోనే తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆట బాగా ఆడతాడు కాబట్టి వ్యాయామ విద్య డిగ్రీయే చేయాలని మాత్రం ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. పరుగెత్తే అమ్మాయి ఎకనామిక్స్ ఎందుకు చదవకూడదు?

ఈ నాలుగు దారుల్లో ఏది ఎంచుకున్నా ఒక చిక్కు ఉంది. దాన్ని కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర ఎవరూ చెప్పరు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటని వాళ్లకు వర్తిస్తుంది. ఆ పథకం నిబంధనల్లో చిరకాలంగా ఒక షరతు ఉంది. దీన్ని తీసుకునే విద్యార్థి ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు, రెండూ వస్తే ఏదో ఒకటి ఎంచుకోవాలి. పుస్తకాలకో, వసతికో ఎవరైనా సాయం చేస్తే అది వేరు. ఇంకోవైపు 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన విద్యాదీవెన నిబంధనల్లో మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్లలో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదని రాశారు. ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. ప్రైవేటు కాలేజీ వాళ్లు "స్పోర్ట్స్ సీటు" అని చెప్పి ఇచ్చిన సీటు వాళ్ల పుస్తకాల్లో మేనేజ్‌మెంట్ సీటుగా ఉంటే, మీరు ఆ రాయితీ తీసుకున్న నిమిషమే రీయింబర్స్‌మెంట్ హక్కు పోయింది. రాయితీ మీకు గుర్తుంటుంది, పోయిన హక్కు సంగతి రెండో ఏడాది ఫీజు కట్టేరోజు దాకా తెలియదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ఊహకోసమే, ఏ కాలేజీ లెక్కా కాదు. ట్యూషన్ ఫీజు లక్షా ఇరవై వేలు, డెబ్భై ఐదు శాతం మాఫీ. కట్టాల్సింది 30 వేలు. వినడానికి బాగుంది. హాస్టల్, మెస్ 80 వేలు, దానికి మాఫీ లేదు. అంటే ఏడాదికి లక్షా పది వేలు. దెబ్బ తగిలి రెండో ఏడాది మాఫీ ఆగిపోతే కట్టాల్సింది రెండు లక్షలు. అప్పుడు ఆ ఇంటి ముందు మూడు దారులే. అప్పు చేయాలి, చదువు మానాలి, లేదా మానని మోకాలితో ఆడాలి. మూడోదాన్ని ఎంచుకున్న పిల్లలను ఏ క్రీడా వైద్యుడిని అడిగినా చెబుతాడు.

ఇది మన దగ్గరి పేదరికం వల్ల మాత్రమే వచ్చిన సమస్య అనుకోకండి. కాలేజీ ఆటలు పెద్ద వ్యాపారంగా ఎదిగిన అమెరికాలో ఇదే కథ ముందే నడిచింది. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య కార్మిక నష్టపరిహారం అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదన్నది. ఆ రోజుల్లోనే అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఒక మాటను ప్రచారంలోకి తెచ్చింది. ఆటగాడిని ఉద్యోగి అనకూడదు, "స్టూడెంట్ అథ్లెట్" అనాలి. ఆ సంఘాన్ని దశాబ్దాల పాటు నడిపిన వాల్టర్ బైయర్స్, నష్టపరిహారం కేసుల భయంతోనే ఆ మాటను పుట్టించామని 1995లో తన పుస్తకంలో తానే రాశాడు. మనం ఇవాళ గౌరవంగా వాడుతున్న మాట పుట్టుక అది.

తర్వాత 1973లో అదే సంఘం నాలుగేళ్ల స్కాలర్‌షిప్‌ను తీసేసి ఏడాదికోసారి పునరుద్ధరించే స్కాలర్‌షిప్‌గా మార్చింది. అంటే కోచ్‌కు నచ్చకపోతే, గాయమైతే, మరుసటి ఏడాది ఫీజు మాఫీ ఉండకపోవచ్చు. మళ్లీ బహుళ సంవత్సరాల స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీలు కలిగింది 2012లో. నలభై ఏళ్ల పాటు, ముఖ్యంగా ఫుట్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో నల్లజాతి కుర్రాళ్ల శరీరాల మీద స్టేడియాలు నిండాయి, టీవీ ఒప్పందాలు నడిచాయి. ఆటగాళ్లు కోర్టులకెక్కి కొట్లాడి కొట్లాడి, చివరికి 2025 జూన్‌లో ఆమోదం పొందిన ఒప్పందంతో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే దారి తెరుచుకుంది. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పరిమితి. ఆ డబ్బు మనకు రాదు. అందులోంచి మనం నేర్చుకోవాల్సింది, స్కాలర్‌షిప్ మొత్తం కంటే దాని గడువు ముఖ్యమన్నది.

మన చరిత్రలోనూ ఈ పాఠం ఉంది. పల్వంకర్ బాలూ పూనాలో యూరోపియన్ల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి గ్రౌండు పని చేసేవాడు. నెట్స్‌లో ఇంగ్లిషు దొరలకు గంటల తరబడి బంతులు వేశాడు, తనకు బ్యాటు పట్టుకునే అవకాశం మాత్రం ఇవ్వలేదు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకు నాయకుడిని చేయలేదు. ఆ పదవి 1923లో ఆయన తమ్ముడు విఠల్ దాకా రాలేదు. ఆయన చెయ్యి జట్టుకు కావాలి, ఆయన పక్కన కూర్చుని టీ తాగడం వద్దు. ప్రతిభ తలుపు తీయించగలదు. లోపల కుర్చీ వేయించేది హక్కు మాత్రమే.

ఇక ట్యూషన్ ఫీజు అనే మాట దగ్గరికి వద్దాం. ఆడే పిల్లకు అసలు ఖర్చు ఫీజు కాదు. తిండి. బూట్లు. టోర్నమెంటుకు రైలు చార్జీలు. ఫిజియోథెరపీ. సెలవుల్లో పనికి పోతే ఇంటికి వచ్చే కూలి, ట్రైనింగ్ క్యాంపు వల్ల పోయే ఆ కూలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో మామూలు డిగ్రీ చదివే ఎస్సీ విద్యార్థికి ఇచ్చే అకడమిక్ అలవెన్స్ హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000, ఇంటి నుంచి వచ్చి చదివితే 3,000. అంటే నెలకు 500, లేదా 250. రోజుకు రెండు పూటలా పరుగెత్తే పిల్లకు ఆ 250తో గుడ్లు కొనాలా, పాలు కొనాలా, చిరిగిన బూటు కుట్టించాలా?

ఈ ఖర్చును ప్రభుత్వం మొత్తంగా భరిస్తే ఏమవుతుందో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు చూపించాయి. 2014 మే 25న మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు అందరూ దాన్ని అద్భుతం అన్నారు. అద్భుతం కాదు, ఏర్పాటు. చదువు, తిండి, బట్టలు, శిక్షణ ఒకే చోట, ఫీజు లేకుండా దొరికాయి. అదే గురుకులాల వ్యవస్థలో నార్సింగిలో చదివిన అగసర నందిని, టీ అమ్మే తండ్రి కూతురు, 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. ఏడు ఈవెంట్లున్న ఆట అది. ఏడింటికీ పరికరాలు కావాలి, గ్రౌండు కావాలి, కడుపు నిండా తిండి కావాలి. ఏ తండ్రీ టీ అమ్మి అవన్నీ కొనిపెట్టలేడు. 2016 నుంచి తెలంగాణలో మహిళలకు డిగ్రీ గురుకులాలు కూడా ఉన్నాయి. మీ చెల్లెలు అక్కడ సీటు తెచ్చుకోగలిగితే, దాన్ని "సర్కారు హాస్టల్" అని చిన్నచూపు చూసి ఎక్కడో ప్రైవేటు కాలేజీ రాయితీకి ఆశపడనివ్వకండి.

ఖర్చులో ఇంకోటి ఉంది, దాని పేరు హాజరు. విద్యాదీవెన రావాలంటే 75 శాతం హాజరు ఉండాలని ఆ పథకం నిబంధనల్లో ఉండేది. యూనివర్సిటీ జట్టుకు ఆడే విద్యార్థి క్యాంపు, జోనల్ పోటీ, అఖిల భారత పోటీ, ప్రయాణం అన్నీ కలిపితే వారాల తరబడి క్లాసుకు దూరంగా ఉంటాడు. ఆ రోజులను డ్యూటీగా లెక్కించే ఉత్తర్వు కాలేజీలో ఉంటే సరి. లేకపోతే యూనివర్సిటీకి పతకం తెచ్చిన పిల్లవాడికి యూనివర్సిటీయే స్కాలర్‌షిప్ పోగొట్టినట్టు. డబ్బున్న ఇంటి పిల్లవాడికి హాజరు తగ్గితే కాండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాస్తాడు. స్కాలర్‌షిప్ మీద బతికేవాడికి తగ్గిన హాజరు రెండుసార్లు దెబ్బ కొడుతుంది. పరీక్షా పోతుంది, డబ్బూ పోతుంది.

యూనివర్సిటీ క్రీడలను నడిపే తీరు మీద కూడా ఒక మాట. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున, 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డు 13.38. రికార్డు బద్దలైంది. లెక్కలోకి మాత్రం రాలేదు. ఆ పోటీకి ముందు నాడా పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పని చేసిన మనిషి. ఆ అమ్మాయి పేరు రికార్డు పుస్తకంలోకి ఎక్కడానికి 2022 మే దాకా, సైప్రస్‌లో 13.23 పరుగు దాకా ఆగాల్సి వచ్చింది. పరుగెత్తాల్సిన పని ఆమె చేసింది. కాగితం పని చేయాల్సినవాళ్లు చేయలేదు. దానికి రెండేళ్ల మూల్యం చెల్లించింది ఎవరు?

అందుకే కాగితం గురించి జాగ్రత్తగా ఉండండి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకాలకు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లు అర్హులు. దానికి యూనివర్సిటీ క్రీడల డీన్ గానీ, క్రీడల బాధ్యుడైన అధికారి గానీ ఫారం 3 అనే నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వాలి. ప్రైవేటు టోర్నమెంటుల్లో వచ్చిన పదిహేను షీల్డులు గోడకు అందం. ఆ ఒక్క ఫారం అన్నం పెడుతుంది. కాబట్టి కాలేజీని ఎంచుకునేటప్పుడు మీ ఆట గుర్తింపు ఉన్న ఆటల జాబితాలో ఉందా, ఆ యూనివర్సిటీ నిజంగా ఆ ఆటకు జట్టును పంపుతుందా, గత మూడేళ్లలో పంపిందా అని అడగాలి. జట్టే లేని చోట క్రీడా కోటా సీటు తీసుకుంటే మీ కెరీర్ ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది.

పుదుచ్చేరిలో మనకు ప్రత్యేకమైన చిక్కులు కూడా ఉన్నాయి. యానాం ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అయినా దాదాపు 800 కిలోమీటర్ల దూరం. సెలెక్షన్ ట్రయల్స్ ఇక్కడ పెడితే యానాం పిల్ల రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున నిద్రకళ్లతో ట్రాక్ మీద నిలబడాలి. ఇక్కడివాళ్లు ఇంట్లో టిఫిన్ తిని వస్తారు. గడియారం ఇద్దరికీ ఒకటే, పోటీ మాత్రం సమానం కాదు. ప్రాథమిక ట్రయల్స్ యానాంలోనే పెట్టాలని, ఎంపికైనవాళ్లకు ప్రయాణ ఖర్చు ఇవ్వాలని మనం అడగాలి.

రెండోది కుల ధ్రువపత్రం. 1964 నాటి పాండిచ్చేరి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మాల, మాదిగ, ఆది ఆంధ్ర పేర్లున్నాయి. కానీ ఇక్కడి ప్రభుత్వం "ఒరిజిన్" ఎస్సీ, "మైగ్రెంట్" ఎస్సీ అని తేడా చూపుతుంది. అంటే ఆంధ్ర నుంచి తర్వాత వచ్చి స్థిరపడిన మాదిగ కుటుంబానికి కులం అదే, అవమానం అదే, రాయితీ మాత్రం వేరు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్తే వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది కూడా చిన్నప్పుడే ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన తెలుగు విద్యార్థి మర్రి చంద్రశేఖర రావే. కేంద్రీయ విశ్వవిద్యాలయమైన పాండిచ్చేరి యూనివర్సిటీ అడ్మిషన్‌కు ఈ అడ్డంకి లేదు, మీ సొంత రాష్ట్రపు ఎస్సీ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుంది. సెంటాక్ సీట్లకూ, స్థానిక ప్రభుత్వ ఫీజు సాయానికీ మాత్రం మీరు ఏ వర్గంలోకి వస్తారో ముందే తేల్చుకోండి. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది మీ శాశ్వత నివాసమున్న రాష్ట్రమే. ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకోకండి.

ఇప్పుడు చేరే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు. కాగితం మీద రాసుకోండి.

ఒకటి, ఈ సీటు ఏ కోటా కింద నమోదవుతుంది? కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా, అదనపు సీటా? జవాబు రాతపూర్వకంగా కావాలి.

రెండు, ఈ రాయితీ కోర్సు మొత్తానికా, ఏడాదికోసారి మళ్లీ ఇస్తారా? ఏ కారణాలతో ఆపవచ్చు? గాయం ఆ కారణాల్లో ఉందా?

మూడు, రాయితీ ట్యూషన్‌కేనా, హాస్టల్‌కు, మెస్‌కు, ప్రయాణానికి కూడానా? గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది?

నాలుగు, పోటీలకు వెళ్లిన రోజులకు హాజరు ఇచ్చే ఉత్తర్వు ఉందా? పోటీ రోజు ఇంటర్నల్ పరీక్ష వస్తే మళ్లీ పెడతారా?

ఐదు, ఈ రాయితీ తీసుకుంటే నా ఎస్సీ, ఎస్టీ, బీసీ స్కాలర్‌షిప్ పోతుందా?

ఈ ఐదింటికి రాతపూర్వక జవాబు ఇవ్వని సంస్థ మాటల్లో ఎంత ఇచ్చినా నమ్మొద్దు. అర్హత ఉన్న ఎస్సీ విద్యార్థులు ఫ్రీషిప్ కార్డు తీసుకోండి. ముందుగా ఫీజు కట్టకుండా చేరడానికి అది పనికొస్తుంది.

హక్కు అంటే ఎప్పటికీ భద్రంగా ఉండేదని నేను చెప్పడం లేదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 77 అనే ఒక్క ఉత్తర్వుతో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసింది. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి. కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ బకాయి ప్రస్తావన ఉందని మనం మరిచిపోకూడదు. ఆలస్యమైన స్కాలర్‌షిప్ ఆఫీసు ఫైలు కాదు, ఒక మనిషి ఊపిరి. అయినా హక్కుకూ దయకూ ఒక తేడా ఉంది. జి.ఓ. 77 వచ్చినప్పుడు విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. ఇక్కడ 2020 ఫిబ్రవరిలో ఫీజులు పెంచినప్పుడు పాండిచ్చేరి యూనివర్సిటీ విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. హక్కు పోతే అందరూ కలిసి అడగవచ్చు. కోచ్ గదిలో ఒంటరిగా పోయిన రాయితీ కోసం ఎవరిని పిలుస్తాం?

ఇక్కడున్న అధ్యాపకులకు, పరిశోధకులకు నాలుగు విన్నపాలు. క్రీడా కోటా లోపల సామాజిక వర్గాల వారీగా ఎవరికి సీట్లు వచ్చాయో ఏటా ప్రకటించమని మీ యూనివర్సిటీని అడగండి. పోటీ రోజులను హాజరుగా లెక్కించే ఉత్తర్వును అన్ని అనుబంధ కాలేజీలకూ పంపించండి. ఆడే విద్యార్థులకు ఆహార భత్యం స్కాలర్‌షిప్‌కు అదనంగా ఇవ్వమని, దాన్ని రెండో స్కాలర్‌షిప్‌గా లెక్కించొద్దని రాయండి. గాయపడిన విద్యార్థి డిగ్రీ పూర్తయ్యేదాకా రాయితీ ఆగకూడదని నిబంధన పెట్టించండి. వీటిలో మూడింటికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు. సంతకం చాలు. పరిశోధన చేసేవాళ్లు ఈ అంశాన్ని తీసుకోండి. కులం మీద, చదువు మీద ఎన్నో పరిశోధనలు వచ్చాయి. కాలేజీ మైదానం దాకా ఆ చూపు రావాలి.

ముగించే ముందు బాబాసాహెబ్ జీవితంలోని ఒక లెక్క చెబుతాను. 1913లో కొలంబియాకు వెళ్లేటప్పుడు బరోడా సంస్థానం ఆయనకు ఇచ్చింది నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లకు. బదులుగా పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలని ఒప్పందం. గడువు పొడిగించుకుని లండన్ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ ముగియగానే చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. అంతటి మేధావికీ గడువు గడువే. అయితే ఆయన వెనక్కి వచ్చేముందు ఒక పని చేశారు. నాలుగేళ్లలోగా తిరిగొచ్చి చదువు కొనసాగించేందుకు లండన్ యూనివర్సిటీ దగ్గర అనుమతి తీసుకున్నారు. తర్వాత ఉద్యోగం చేసి దాచిన డబ్బుతో, కొల్హాపూర్ సాహు మహారాజ్ సాయంతో, కొంత అప్పుతో 1920లో మళ్లీ వెళ్లారు, 1923లో డి.ఎస్సీ. పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ ఇచ్చినవాడికి కృతజ్ఞత చూపారు. చదువు మీద అధికారం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

మీ కాళ్లలో వేగం ఇంకో పదేళ్లు ఉంటుంది, అదృష్టముంటే పదిహేను. డిగ్రీ బతికున్నంత కాలం ఉంటుంది. ఆ వేగాన్ని డిగ్రీకి తోడుగా పెట్టుకోండి, తాకట్టు పెట్టొద్దు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు తమ్ముడికో చెల్లెలికో ఆ ఐదు ప్రశ్నలు చదివి వినిపించండి. రాసుకోమని చెప్పండి.

జై భీమ్.